రెండు పాదాల మీద నేరాల చిట్టా

ఆ రోజుల్లో పిల్లలకి దొడ్డికి వెళ్ళడం నేర్పాలని ఎవరూ అనుకునేవారు కాదు. నడక నేర్పాలి, మాట నేర్పాలి, నలుగురిలో నమస్కారం పెట్టడం నేర్పాలి అనేవారు గానీ, ఇదొక చదువనీ, ఇందులో తప్పితే తల్లులు బెంగపడాలనీ ఎవరికీ తోచేది కాదు. ఇంట్లో పెద్దావిడ ఒకరు గోడకి చేరగిలబడి రెండు కాళ్ళూ చాపేది. పాదాల మధ్య కాస్త సందు ఉంచి, పిల్లని తన వైపు తిప్పి ఆ పాదాల మీద కూర్చోబెట్టేది. కింద పాత పేపరు. నోటితో 'స్స్స్' అనేది. పిల్ల పని పిల్ల చేసుకునేది. అంతే! ఇప్పుడు మా పక్కింటి కొత్త తల్లి ఈ విషయం మీద ఏకంగా ఇంగ్లీషు పుస్తకమే కొనుక్కుంది. నన్ను సలహా అడిగితే ఇచ్చాను. అది ఆ పుస్తకంలో లేదట. ఎందుకుంటుంది? నా పరువు ఎంత పోగొట్టుకుంటే ఆ సలహా దొరికిందో పుస్తకం రాసినాయనకేం తెలుసు?

ముందు నా సంగతి చెప్పాలి. నేను బి.ఎస్సీ. ఊళ్ళో కాలేజీలోనే చదివాను. నాకు ఇద్దరు మనుషులు ఒకే మాట మీద ఉంటే చూడబుద్ధి కాదు. ఒకరిని విడదీసి వాదన పెట్టుకుంటే గానీ తోచదు. పెళ్ళైన మూడో రోజునే మా అత్తగారు నాకు 'పిలీడరమ్మ' అని పేరు పెట్టింది. ఆవిడ భీమిలి దగ్గర పల్లెలో వేరుశెనగ పండించిన మనిషి. మా ఆయన రేవులో క్రేను నడిపేవాడు. మా క్వార్టరు రేవుకి ఎంత దగ్గరంటే, ఓడల్లోకి ఎక్కించే ఇనపరాయి దుమ్ము గాలికొచ్చి ఆరేసిన తెల్లబట్టల్ని ఇటుక రంగు చేసేది. (పసిపిల్ల గుడ్డలు ఉతికే తల్లికి ఇదేం చిన్న సంగతి కాదు. దండెం మీద కనపడేది దుమ్మో, ఉతికినా పోని మరకో వాసన చూస్తే గానీ తేలేది కాదు.) పాప పుట్టాక అత్తగారు మా దగ్గరకొచ్చి ఉండిపోయింది. పాపకి రెండేళ్ళు దాటేసరికి మాటలన్నీ మామ్మ దగ్గరే నేర్చుకుంది. నా బి.ఎస్సీ. తెలుగు దానికి ఒక్క ముక్క అంటలేదు.

ఆ సమయంలో ఓడ మీద పనిచేసే మా ఆయన స్నేహితుడొకాయన పాప కోసం పసుపుపచ్చ ప్లాస్టిక్ బాతు ఒకటి తెచ్చాడు. బాతు వీపు మీద గుంట. పైదేశాల్లో పిల్లలు ఎవరి సాయమూ లేకుండా దాని మీద కూర్చుని లేచిపోతారట. నాకు వెంటనే జ్ఞానోదయమైంది. పిల్లని ముసలావిడ కాళ్ళమీద కూర్చోబెట్టడం ఏమిటి, అనాగరికం! పాపని బాతు మీద కూర్చోబెట్టి ఎదురుగా పీట వేసుకు కూర్చున్నాను. "దీని మీద కూర్చుంటే ఆయి చేసుకోవాలమ్మా" అన్నాను. పాప నన్నూ బాతునీ మార్చి మార్చి చూసి, "బాతు తడిసిపోద్ది" అంది. (వాదన ఎక్కణ్ణించి వచ్చిందో రక్తం చెబుతూనే ఉంది.) గంటసేపు కూర్చుని, బాతుకి మరమరాలు తినిపించి, లేచి నాలుగడుగులు వేసి, నా పీట పక్కన పని కానిచ్చింది.

"ఏటే, దాని పొట్ట మాట దానికి తెల్దేటి? బాతంటావు, కోడంటావు. గుంటనిలగ తే" అంది అత్తగారు. (గుంటంటే వాళ్ళ వైపు ఆడపిల్ల.)

"ఎల్లకాలం మీ కాళ్ళుంటాయా అత్తయ్యా? దానికి స్వతంత్రం అలవాటు కావాలి."

"సొతంత్రం సరేలే. ముందు ఆయి రానీ."

ఆవిడ పెరటి అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంటే మాత్రం పాప ఐదు నిమిషాల్లో లేచేది. నెల రోజులు ఆ కాళ్ళకీ నా బాతుకీ పోటీ నడిచింది. బాతు ఒక్కసారి కూడా గెలవలేదు. ఆవిడ గెలుపు రహస్యం పాదాల్లో లేదనీ, నోట్లో ఉందనీ నాకు తెలిసింది ఒక ఉదయం. పెరటి వైపు వంటింటి కిటికీ దగ్గర నిలబడి బియ్యం కడుగుతున్నాను. బయట అత్తగారు పాపకి కథ చెబుతోంది.

"మీ అమ్మ ఉన్నాది సూడు, నిన్న ఏటి సేసినాదో తెల్సా? సేపలమ్మితో గంటసేపు వాదించినాది. గెలిసినాది. గెలిస్తే ఏటైనాది? సేప ఎలిపోనాది. మనం సారు తాగినాం."

పాప కిలకిలా నవ్వింది. "ఇంకా సెప్పు మామ్మా."

"పాలు పొంగిపోతన్నాయి. మీ అమ్మ పేపరు సదువుతన్నాది. పొయ్యి ఆరిపోనాది. అప్పుడు నెగిసి ఏటన్నాది? పేపర్లో తప్పున్నాదన్నాది. పాల మాట అన్నేదు. మీ నాన్న ఇంటికొత్తే 'ఎందుకాలీసం' అని అడుగుతాది. ఆడు ఎందుకో సెప్తాడు. అది కారణం కాదంటాది. మరేటి సెప్పాల ఆడు?"

బియ్యం గిన్నె అక్కడే పెట్టి పెరట్లోకి దూకాను. "అత్తయ్యా! ఆ చేప మొప్పలు నల్లబడి ఉన్నాయి. అది కొని ఉంటే ఇంటిల్లిపాదీ మంచం పట్టేవాళ్ళం. ఆ మాట కూడా చెప్పండి దానికి!"

"అదిగో, ఒచ్చినాది. గుంట బిగుసుకుపోనాది. లోపలికెల్లే పిలీడరమ్మా."

నిజంగానే పాప బిగుసుకుపోయి నా వైపు కోపంగా చూస్తోంది. ఆ తర్వాత రోజూ ఇదే తంతు. నా నేరాల చిట్టా వింటే గానీ నా కడుపున పుట్టిన పిల్లకి కడుపు కదలదు! మొదటి రెండు నేరాలదాకా పళ్ళు బిగించుకుని ఉండేదాన్ని. మూడోది వచ్చేసరికి ఒళ్ళు మండి కిటికీ దబాలున మూసేసేదాన్ని. ఒక్కనాడూ ఆ చిట్టా చివరిదాకా వినలేదు. (ఈ మాట గుర్తుంచుకోండి, దీంతో పని ఉంది.)

ఇలా ఉండగా నాకు ఉద్యోగం వచ్చింది. వచ్చింది అంటే, సగం వచ్చింది. మాకు రెండు స్టాపుల అవతల కన్యాస్త్రీలు నడిపే బడి ఒకటి ఉండేది. అక్కడ టీచరు కావాలంటే వెళ్ళాను. మూడేళ్ళుగా నా డిగ్రీ కాగితం ట్రంకుపెట్టెలో కలరా ఉండల మధ్య పడుంది. నేనేమో పాలమ్మితోనూ, కిరసనాయిలు క్యూలోనూ వాదిస్తూ నా తెలివిని అరగదీసుకుంటున్నాను. ఈ ఉద్యోగం పోతే ఇక నా బతుకు క్యూలకే అంకితమని నాకు ఖాయంగా అనిపించింది. బడి పెద్ద, అందరూ 'మదర్‌గారు' అనే ఆవిడ, పొడుగ్గా, తాళాలగుత్తితో, నవ్వంటే తెలియని ముఖంతో ఉండేది. వేసవి సెలవులైపోగానే అత్తగారు విత్తనాల పనికి ఊరెళ్ళిపోతుంది కాబట్టి పాపని ఎక్కడ పెట్టాలని నేను అడిగితే, "తెచ్చుకోండి, పసిపిల్లల గదిలో ఆయా దగ్గర ఉంటుంది. కానీ ఒక షరతు. చెప్పి వెళ్ళాలి. గుడ్డలు పాడుచేసుకునే పిల్లయితే తల్లి ఇంట్లోనే ఉండాలి. మొదటి వారం చూస్తాను" అంది.

బస్సెక్కే రోజున అత్తగారు నాకు విద్య మొత్తం అప్పగించబోయింది. "నీ కాళ్ళమీద కూకోబెట్టుకో. ఆ మాటలు సెప్పు, సాలు."

"నన్ను నేనే తిట్టుకోవాలా?"

"తిట్లేటి? ఉన్నమాటే కదేటి" అని, సంచీ చంకన పెట్టుకుని, "మరెల్లొత్తాను" అంది. వెళ్ళిరండి అన్నాను. బస్సు కదిలింది.

నేను కాళ్ళు చాపాను. పాప కూర్చుంది. కుందేలు కథ చెప్పాను, నక్క కథ చెప్పాను, చందమామ భూమి చుట్టూ ఎలా తిరుగుతుందో చెప్పాను. "అమ్మ మాట సెప్పు" అని ఒకటే గోల. నా నోట నేను చెప్పనుగాక చెప్పనన్నాను. చివరికి మా ఆయన రంగంలోకి దిగాడు. రోజంతా క్రేను పైన గదిలో ఒంటరిగా కూర్చుని మాట మర్చిపోయిన మనిషి. ఇంట్లో ఆయన గొంతు వినపడితే రేడియో అనుకునేవాళ్ళం. అలాంటివాడు పాపని పెరట్లోకి తీసుకెళ్ళి, "నువ్వు లోపలే ఉండు, కిటికీ మూసుకో, నువ్వుంటే అవదు" అని, అరగంట ధారాళంగా మాట్లాడాడు! మూసిన కిటికీలోంచి మాటలు వినపడలేదు గానీ తండ్రీ కూతుళ్ళ నవ్వులు వినపడ్డాయి. పెళ్ళయ్యాక ఆయన అంతసేపు మాట్లాడగా నేనెరగను. పోనీలే, పని అవుతోంది కదా అని ఊరుకున్నాను. రోజూ పొద్దున్నే ఆ కార్యక్రమం ముగించి, పాపకి ఉతికిన గౌను వేసి, నేను గంజి పెట్టిన చీర కట్టి, ఇద్దరం బడికి వెళ్ళాం. మూడు రోజులు ఏ గొడవా లేదు. మదర్‌గారు నా వైపు తల కూడా ఊపింది.

నాలుగో రోజు మా ఆయనకి తెల్లవారుజాము డ్యూటీ పడింది. పాప పొద్దున వెళ్ళలేదు. బడి టైమైపోతోంది, ఏం చేస్తాం, అలాగే తీసుకెళ్ళాను. రెండో పీరియడ్లో మూడో తరగతికి నదుల పేర్లు చెబుతుంటే ఆయా గుమ్మంలోకి వచ్చింది.

"టీచరమ్మా, మీ పాప మూల నిలబడ్డాది. మొకం ఎర్రగైపోనాది. దొడ్డికి తీసుకెల్తే గోడ ఒగ్గనేదు."

గోడ వదలడం లేదంటే పరుగెత్తాను. బడి మరుగుదొడ్డిలో చీకటిగా ఒక గొయ్యి, దాన్ని చూస్తే నాకే భయమేసింది. పాపని వెనక వసారాలోకి తెచ్చి, చెవిలో బతిమాలాను, బెదిరించాను, దీని మీద మన ఇద్దరి భవిష్యత్తూ ఆధారపడి ఉందని విడమర్చి చెప్పాను. అది రెండు కాళ్ళూ దగ్గరపెట్టుకుని, పెదవులు బిగించి, చెమటలు కక్కుతోంది. అప్పుడు తాళాలగుత్తి చప్పుడు వినపడింది.

"ఏమైంది?"

"మదర్, ఇది ఇంట్లో చక్కగా చెప్పి వెళ్తుంది. అసలు పిల్లలకి కొత్త చోటు అనేసరికి..."

"వాదించకండి. పేపరు పట్రండి."

పేపరు తెచ్చేసరికి నా కళ్ళని నేనే నమ్మలేకపోయాను. మదర్‌గారు తాళాలు పక్కన పెట్టి, నల్లబూట్లు విప్పి, తెల్ల అంగీ మోకాళ్ళదాకా సర్దుకుని, వసారాలో నేల మీద గోడకి చేరగిలబడి, రెండు కాళ్ళూ చాపి కూర్చుంది. "అయ్యో మదర్, నేను కూర్చుంటాను" అంటే, "మీరు కూర్చుంటే అది ఇంకా బిగుసుకుంటుంది, చూస్తే తెలియడం లేదూ" అని, పాపని ఎత్తి పాదాల మీద పెట్టుకుంది. మాతో అంత కచ్చితమైన బడి తెలుగు మాట్లాడే ఆ మనిషి గొంతు నేల మీద కూర్చోగానే మారిపోయింది. "రాయే నా తల్లి. బయపడకు. మేం తొమ్మండుగురం. పెద్దదాన్ని నాను. ఎనమండుగురూ ఈ కాళ్ళమీదే కూకున్నారు. స్స్స్..."

పాప ముఖం కాస్త తేటపడింది. మామ్మ మాటలా వినపడింది కాబోలు. మదర్‌గారి మెళ్ళో శిలువని ఓసారి పట్టుకు చూసి, ఆ తర్వాత, "అమ్మ మాట సెప్పు" అంది.

"ఏ మాట?" అంది మదర్‌గారు నా వైపు చూసి.

వేరే దారి లేకపోయింది. మా అత్తగారి పద్ధతి గురించి రెండు ముక్కల్లో చెప్పాను. ఆవిడ ముఖంలో ఏ మార్పూ లేదు. "అయితే చెప్పండి" అంది.

గొంతు సవరించుకున్నాను. "మీ అమ్మ ఒకసారి చేపలావిడతో సుమారు గంటసేపు వాదించింది. అయితే ఆ చేప మొప్పలు నల్లగా ఉన్న కారణంగా..."

"అలగ కాదు!" అని పాప కాళ్ళు తన్నుకుంది.

"సమాధానాలు వద్దు టీచర్. నేరం మాత్రం చెప్పండి" అంది మదర్‌గారు.

సమాధానం లేకుండా నేరం ఒప్పుకోవడం నా జన్మలో అదే మొదలు. పైగా నా భాషలో చెబితే పాపకి అది కథ కాదు, పాఠం. కళ్ళు మూసుకుని అత్తగారి గొంతులోకి దిగాను. "మీ అమ్మ ఉన్నాది సూడు, సేపలమ్మితో వాదించినాది. గెలిసినాది. గెలిస్తే ఏటైనాది? సేప ఎలిపోనాది." పాప నవ్వింది. వెనకాల ఆయా పమిట చెంగు నోట్లో కుక్కుకుంది. పాలు పొంగిన సంగతి చెప్పాను. మా ఆయన ఆలస్యం సంగతి చెప్పాను. మదర్‌గారు తలవంచుకుంది గానీ భుజాలు అదురుతున్నాయి. నాకు తెలిసిన నేరాలు అయిపోయాయి. పాప ఇంకా పట్టుపట్టి కూర్చునే ఉంది. "ఇంకా సెప్పు."

"అయిపోయాయమ్మా."

"ఇంకా ఉన్నాది."

ఇక నా సొంత ఖాతాలోంచి తియ్యాల్సి వచ్చింది. ఎక్కణ్ణించి వచ్చిందో ఆ మాట, నేను వెతకలేదు. "మీ మామ్మ బస్సెక్కినాది. ఎల్లొత్తాను అన్నాది. మీ అమ్మ ఉండమన్నేదు. ఉండిపోవాలని మీ అమ్మకి కడుపు నిండా ఉన్నాది. అయినా నోరు ఇప్పనేదు. ఉండమంటే ఓడిపోతాననుకున్నాది."

ఆయా నవ్వడం మానేసింది. పాప నా వైపు జాలిగా చూసి, అచ్చంగా మా అత్తగారిలాగే తల ఓ పక్కకి వాల్చి, పెద్దమనిషిలా అంది: "అయినా మన అమ్మే కదేటి. ఒగ్గేత్తామేటి?"

అని, పని కానిచ్చింది.

అదీ ఆ చిట్టాకి చివరి ముక్క! రోజూ అత్తగారు దానితోనే ముగించేదన్నమాట. ఆ ముక్క వచ్చేలోపే నేను కిటికీ మూసేసేదాన్ని. ఆ మాట పడితే గానీ కథ అయినట్టు కాదు, కథ అయితే గానీ పాపకి అయ్యేది కాదు. నేను అక్కడే నిలబడి గంజి చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంటుంటే మదర్‌గారు, "తర్వాత ఏడవొచ్చు, ముందు నీళ్ళు పట్రండి" అంది. పాపని కడిగి, బూట్లు వేసుకుని, తాళాలు తీసుకుని, మళ్ళీ మదర్‌గారైపోయి నా వైపు తిరిగింది. "చాలామంది టీచర్లని పనిలో పెట్టుకున్నాను. తప్పులన్నీ ఇంత వివరంగా ముందే చెప్పినవాళ్ళు లేరు. సోమవారం నుంచి నాలుగో తరగతి కూడా మీరే తీసుకోండి."

ఆ ఆదివారం పాపని చంకనేసుకుని భీమిలి బస్సెక్కాను. అత్తగారు పొలం గట్టున నిలబడి, "ఏటి, ఇలగొచ్చినారు? కాళ్ళు కావాలేటి?" అంది. "కాళ్ళూ కావాలి, నోరూ కావాలి. విత్తనాలు కాగానే వచ్చి ఉండండి" అన్నాను. ఆవిడ నన్ను కిందికీ పైకీ చూసి, "జొరమొచ్చినాదేటే?" అని నుదురు ముట్టుకుంది. విత్తనాలయ్యాక వచ్చింది. ఆ తర్వాత వెళ్తాననలేదు. బాతులో నేను కొత్తిమీర వేశాను, బాగా వచ్చింది.

పన్నెండేళ్ళ తర్వాత అత్తగారు తడి గచ్చు మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. నెలన్నర మంచం దిగకూడదన్నారు. అన్నీ మంచం మీదే. తిండి సరే, స్నానం సరే, కానీ ఒక్క దానికి మాత్రం ఆవిడ ఒప్పుకోలేదు. కింద పళ్ళెం పెట్టి బయటికెళ్ళి నిలబడితే, కాసేపటికి, "తీసీయే, ఇలగ నాకవదు. సిగ్గు" అనేది. రెండు రోజులు చూశాను. పొట్ట ఉబ్బి ముఖం పీక్కుపోయింది. మూడో రోజు పొద్దున బడికి సెలవు పెట్టి, తలుపు దగ్గరకేసి, పళ్ళెం పెట్టి, ఆవిడ పాదాల దగ్గర మంచం మీద కూర్చున్నాను. పగుళ్ళు బారిన ఆ రెండు పాదాల్నీ ఒళ్ళో పెట్టుకున్నాను.

"మీ కోడలుంది చూశారూ అత్తయ్యా..." అని మొదలుపెట్టాను.

ఆవిడ కళ్ళు మూసుకునే ఉంది. "అలగ కాదు" అంది.

నవ్వాపుకుని యాస మార్చాను. "మీ కోడలున్నాది సూడు, సేపలమ్మితో వాదించినాది. గెలిసినాది." పాలు చెప్పాను, పేపరు చెప్పాను, మా ఆయన ఆలస్యం చెప్పాను. పన్నెండేళ్ళలో పోగైన కొత్తవి కూడా, ఒక్కదానికీ సమాధానం చేర్చకుండా చెప్పుకుంటూ పోయాను. బిగుసుకున్న ముఖం వదులైంది. నేరాలన్నీ అయిపోయాయి. అక్కడ ఆగాను.

ఆవిడ ఒక కన్ను తెరిచింది. "ఆగిపోనావేటే? అసలుది ఒగ్గీసినావు."

"అది నేను చెప్పకూడదు. మీరే చెప్పాలి."

"నానా? ఎదురుగా సెప్తే నెత్తికెక్కి కూకోవూ?"

"చెప్పకపోతే కథ అవదు కదా."

"అయిపోనాదిలే" అంది ఆవిడ, ముఖం గోడవైపు తిప్పుకుని. "పళ్ళెం తీసి నీళ్ళు అట్రా."

ఎదురుగా నా ముఖం మీద ఆ మాట ఆవిడ చివరిదాకా అనలేదు. ఆ ఒక్క వాదనలో నేను ఓడిపోయాను. అప్పీలు చేద్దామంటే ఇప్పుడావిడ లేదు. ఇప్పటికీ ఎవరితోనైనా గట్టిగా గెలిచి ఇంటికొచ్చిన రోజున, కాళ్ళు చాపుకుని గోడకి చేరగిలబడి, పాత నేరాలకి ఆ రోజుది కూడా కలిపి నాలో నేనే చెప్పుకుంటాను. చివరి ముక్క దగ్గరకొచ్చేసరికి గొంతు దానంతటదే భీమిలి వైపు తిరుగుతుంది. అప్పుడు నవ్వొస్తుంది. మోకాళ్ళు పట్టేసి ఎవరైనా చెయ్యిచ్చి లేపితే గానీ లేవలేననుకోండి, అది వేరే సంగతి.